నిన్నటి కోపం

ఆ ఇంట్లో ఆగస్టు పదిహేడో తారీఖు నాలుగేళ్ళుగా నడుస్తూనే ఉంది.

తెనాలిలో కాలవ గట్టు వెనక వీధిలో మూడు గదుల ఇల్లది. ముందు గదిలో మేకుకి రోజుకో కాగితం చించుకునే క్యాలెండరు వేలాడుతుంటుంది. దాని మీద లావుపాటి పదిహేడు. భ్రమరాంబ పొద్దున్నే లేచి ఆ కాగితం మీద దుమ్ము తుడుస్తుంది. అంచులు పండిపోయి చిరిగేలా ఉంటే కిందటేడు వెనకాల మైదా జిగురు రాసి దళసరి అట్ట అంటించింది. తర్వాత పాల ప్యాకెట్టు కత్తిరించి, తారీఖు అచ్చేసిన మూలని చూడకుండానే నలిపి పారేస్తుంది. అప్పుడు కూతుర్ని లేపుతుంది.

"అమ్మా, జ్వరం తగ్గినట్టుంది," అంటుంది హైమ కళ్ళు తెరవగానే.

"తగ్గింది. లే."

"ఆయనేరీ?"

"క్యాంపుకెళ్ళాడు. కాలవలకి నీళ్ళొదిలారుగా, లాకుల దగ్గర పనుందట. రెండ్రోజుల్లో వస్తాడు."

"చెప్పకుండానే?"

"నిద్రపోతున్నావు, లేపొద్దన్నాడు."

హైమ మూతి ముడుస్తుంది. వెంటనే నవ్వేసి, "రానీ, చెప్తా ఆయన పని," అంటుంది. అద్దం దగ్గరికి వెళ్ళి, "ఏందమ్మా, నా జుట్టు ఇట్టా తెల్లబడిందీ!" అని కేక పెడుతుంది. "జ్వరం వేడికే," అంటుంది తల్లి, కాఫీ గ్లాసు అందిస్తూ.

ముప్పై ఏడో ఏట హైమకి వచ్చిన జ్వరం మెదడుకి సోకింది. ప్రాణం దక్కింది గానీ, ఆ రోజు నుంచి జరిగిందేదీ ఆమె తలలో నిలవడం మానేసింది. అంతకుముందువన్నీ పదిలంగా ఉన్నాయి. ఇవాళ్టిది మాత్రం నిద్రతో పాటు పోతుంది. భర్త ఫణి కాలవల ఆఫీసులో పనిచేసేవాడు. రెండేళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు. కిందటేడు ఏలూరులో పెళ్ళి చేసుకున్నాడు, ఒక పాప కూడా. హైమకి అతను ఇంకా లాకుల దగ్గర క్యాంపులోనే ఉన్నాడు.

ఒకసారి భ్రమరాంబ విసుగుపుట్టి 'లాకుల దగ్గర' అనడానికి బదులు 'వంతెన దగ్గర' అంది. ఏమీ కాలేదు. హైమ అదే చోట మూతి ముడిచింది, అదే చోట నవ్వింది. అయినా ఏదో పాపం చేసినట్టు రోజంతా కూతురి మొహంలోకి చూడలేకపోయింది భ్రమరాంబ.

*

మధ్యాహ్నం మూడింటికి తల్లీకూతుళ్ళు రిక్షాలో మూతపడ్డ సినిమా హాలుకి వెళ్ళేవాళ్ళు. హాలు కింద భాగం గోడౌను. పైన ఆడవాళ్ళ బాల్కనీని మాత్రం శుభ్రం చేయించి, ఏసీ పెట్టించి, ఏడు కుర్చీలు వేసి డాక్టర్ షమీమ్ తన ప్రయోగశాల చేసుకుంది. హైమ లాంటివాళ్ళు ఏడుగురు. ఒక్కొక్కరి నుదుటికీ మెత్తటి పట్టీ. ఎదురుగా తెర. తెర మీద సీరియల్.

ఆ సీరియల్‌ని ఎవరూ తీయలేదు. భ్రమరాంబ పొద్దున పూట నాలుగు పేజీలు రాసి ఇస్తే, షమీమ్ దగ్గరున్న యంత్రం మనుషుల్ని, ఇళ్ళని, వానని, గొంతుల్ని తనే పుట్టించి, మూడింటికల్లా ఇరవై నిమిషాల బొమ్మ చేసేది. పేరు 'పదహారో నంబరు ఇల్లు'. ఇంటి యజమానురాలు అచ్చమ్మ, మెత్తటి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాటనదు. మేడ మీద అద్దెకుండే కండక్టర్ సుదర్శనం, మంచాన పడ్డ అతని భార్య లలిత. వాళ్ళ చుట్టూ మరో పదిమంది.

రాయడానికి భ్రమరాంబే ఎందుకంటే దానికో కథ ఉంది. ఐదో తరగతితో బడి ఆగిపోయిన ఈవిడ ముప్పై ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపింది. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం చించి, కుట్టి, అట్ట వేసి అద్దెకిచ్చేది. ఆమె చదువంతా ఆ షాపులోనిదే. కానీ ఆమెకో జబ్బుంది. కథలో ఎవరైనా చచ్చిపోతే, ఎవరైనా ఎవర్నైనా వదిలి వెళ్ళిపోతే ఓర్చుకోలేదు. తొమ్మిదో ఏట అక్క, ముప్పై రెండో ఏట భర్త, ఇద్దరూ "సాయంత్రానికొస్తా" అనే గుమ్మం దిగారు. అందుకని ఆఖరి వారం పేజీలు చించి పొయ్యిలో పెట్టి, తనే ముత్యాల్లాంటి అక్షరాలతో వేరే ముగింపు రాసి మైదా జిగురుతో అతికించేది. తెనాలి సగం అవే ముగింపులు నమ్మి కళ్ళు తుడుచుకుంది. షమీమ్ కూడా.

"మీ వల్ల గుంటూరు హాస్టల్లో నా పరువు పోయింది పిన్నిగారూ," అంది షమీమ్ మొదటిరోజే. "ఒక సీరియల్లో పిల్ల చచ్చిపోలేదని నేను పందెం. చచ్చిపోయిందని రూమంతా. పుస్తకం తెచ్చి మొహాన కొట్టారు. రెండు రోజులు అన్నం తినలా."

"తప్పయింది తల్లీ."

"తప్పు సంగతి అట్టా ఉంచండి. మీరు అతికించిన ముగింపులు నేను యాభై చదివుంటా. ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదు. ఆ చచ్చిపోయిన పిల్ల మాత్రం, చెవికి పెట్టుకున్న రాళ్ళ దిద్దులతో సహా గుర్తుంది. అదే నా ప్రయోగం." అని కాఫీ తెప్పించి ఇచ్చింది. భ్రమరాంబ ఒక గుక్క తాగి ఉమ్మేసింది. ఉప్పు.

"ఇదేం పోయేకాలమే నీకు!"

"నిన్న తాగిన కాఫీ ఎట్టా ఉంది?"

"ఎట్టా ఉంటుంది, కాఫీలా ఉంటుంది."

"ఈ కాఫీ మీకు చచ్చేదాకా గుర్తుంటుంది. తర్వాతేం జరుగుతుందో మెదడు ముందే అనుకుంటుంది పిన్నిగారూ. అనుకున్నది తప్పితే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడినప్పుడే తలుపు తెరుచుకుంటుంది. ఈ పట్టీ చేసేదల్లా ఆ తలుపు మూసుకోకుండా కాస్సేపు కాలడ్డు పెట్టడం."

మొదటి వారంలోనే అది పనిచేసింది. కథలో ఒక చిన్నపిల్లకి కళ్ళు పోయాయి. తెర పక్కన వెలిగే పలక మీద, ఒక్కో పట్టీకి ఒక్కటిగా ఉన్న ఏడు గీతలూ ఒక్కసారిగా లేచాయి. మర్నాడు పొద్దున హైమ లేచీ లేవకముందే, "పాపం, ఆ పిల్లకి కళ్ళు పోయాయి కదా," అంది. భ్రమరాంబ చేతిలో చీపురు జారిపోయింది. నాలుగేళ్ళలో మొదటిసారి తన కూతురు నోట 'నిన్న' వచ్చింది.

కానీ ఆ మాట అంటున్నప్పుడు హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూడలేక భ్రమరాంబ ఆ రోజే పిల్లకి కళ్ళు తెప్పించేసింది. పై రోజు హైమ మళ్ళీ, "అమ్మా, జ్వరం తగ్గినట్టుంది," అంది.

*

అలా నూట నలభై రోజులు. తప్పిపోయినవాడు దొరికాడు. ఇల్లు కాలింది, కలగా తేలింది. పెళ్ళి ఆగింది, మర్నాడు జరిగింది. మొదట్లో అంతంత ఎత్తు లేచిన గీతలు చెరువు గట్టులా చదునైపోయాయి. చూసిన కథ తలలో లేకపోయినా దాని రుచి మాత్రం ఒంటికి పట్టినట్టుంది. పేర్లు చెప్పలేరు, నిన్న ఏం చూశారో చెప్పలేరు. సుదర్శనం తెర మీదికి రాగానే మాత్రం "మనవాడే" అన్నట్టు నవ్వుతారు. అతనికి కష్టమొస్తే కాళ్ళు చాపుకుని కూర్చుంటారు.

"ఏం కాదులే," అనేవాడు రిటైరైన డ్రిల్లు మాస్టారు వీరరాఘవయ్య. హైమ పక్క కుర్చీ ఆయనది.

"పిన్నిగారూ, ఎవరో ఒకరు వెళ్ళిపోవాలి," అంది షమీమ్ ఒకరోజు. "వెళ్ళిపోయి, మళ్ళీ రాకూడదు. వెళ్ళాక ఆ ఇల్లు మునుపటిలా ఉండకూడదు. లేకపోతే వీళ్ళ మెదడు మన కథని నమ్మదు. నమ్మకపోతే ఉలిక్కిపడదు. ఈ ప్రయోగానికి ఇంక నెల రోజులే గడువు. తర్వాత పట్టీలు సర్దుకుని వెళ్ళిపోతా నేను."

భ్రమరాంబ ఇంటికి వెళ్ళి కథలో ఒక ముసలి తోటమాలిని చంపింది. గీత కదల్లేదు. మాలి ఎవరో ఎవరికీ పట్టలేదు. మర్నాడు ధైర్యం తెచ్చుకుని సుదర్శనాన్నే పడవెక్కించి, కృష్ణలో బోల్తా కొట్టించింది. అంత పనీ చేసి, ఆఖరి నిమిషంలో ఆగలేక, 'శవం దొరకలేదు' అని రాసింది.

బాల్కనీలో మాస్టారు చిటికెన వేలితో చెవి తిప్పుకున్నాడు. "శవం దొరకలేదా? అయితే వస్తాడ్లే."

"గడ్డం పెంచుకుని వస్తాడు," అంది హైమ.

"తలకి దెబ్బ తగిలి ఎవర్నీ గుర్తుపట్టడు," అంది వెనక కుర్చీలో సరస్వతమ్మ. రోజూ కలిసే షమీమ్‌నే గుర్తుపట్టదు ఆవిడ. అందరూ నవ్వారు. షమీమ్ పలక మీద ఏడు గీతలూ నిద్రపోతున్నాయి.

భ్రమరాంబ మాత్రం నవ్వలేకపోయింది. తను పుట్టించిన మనుషుల్ని ఎవరూ నమ్మడం లేదు. ఏమీ గుర్తులేనివాళ్ళకి కూడా తన మీద నమ్మకం లేదు! కోపమొచ్చిందో, సిగ్గేసిందో ఆమెకే తెలియలేదు.

*

ఆమె భయం కథ గురించి కాదు. హైమ తలుపు తెరుచుకుంటే లోపలికి వచ్చేది కథ ఒక్కటే కాదని ఆమెకి తెలుసు. 'నిన్న' వచ్చిన మనిషికి 'నిన్న కూడా క్యాంపనే చెప్పావు కదా' అన్న మాట రాక మానదు. అప్పుడు ఫణి సంగతి చెప్పాలి. అతను వెళ్ళిపోయాడన్నది సగమే. మిగతా సగం భ్రమరాంబ ఎవరికీ చెప్పలేదు, షమీమ్‌కి కూడా.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఫణి స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు మాటున ఏడుస్తున్నాడు. ఆరోజుకి ఏడువందల ముప్పయ్యోసారి అతను హైమకి జ్వరం సంగతి చెప్పి, జుట్టు సంగతి చెప్పి, నవ్వించి వచ్చాడు. భ్రమరాంబ తలుపు తట్టింది. తువాలు అందించింది. "వెళ్ళు నాయనా," అంది. "ఎంతకాలమని? చిన్నవాడివి. వెళ్ళు."

"హైమకి ఏం చెప్పను అత్తయ్యా?"

"ఏం చెప్పొద్దు. రేపటికి దానికి గుర్తుండదు."

అది జాలితో అందో, రోజూ ఆ ఏడుపు వినలేక తన సుఖం కోసం అందో ఇప్పటికీ ఆమెకి అర్థం కాదు. ఒక్కొక్కసారి జాలే అనిపిస్తుంది. మరోసారి కాదనిపిస్తుంది. కథల్లో ఎవర్నీ గుమ్మం దాటనివ్వని మనిషి సొంత అల్లుణ్ణి తనే గుమ్మం దాటించింది.

పడవ కథ నవ్వులపాలైన మర్నాడు ఆమె కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. సుదర్శనం గడ్డంతో తిరిగి రావడం రాసింది. కొట్టేసింది. దెయ్యమై రావడం రాసింది. అదీ కొట్టేసింది. తర్వాత ఏం రాస్తున్నదీ తనకే తెలియకుండా, పడవ ప్రమాదం నుంచి ఈదుకుంటూ ఆ సాయంత్రానికే ఇల్లు చేరిన సుదర్శనాన్ని స్నానాల గదిలోకి పంపింది. కుళాయి తిప్పించింది. అచ్చమ్మ చేత తలుపు తట్టించింది.

కాగితాలు అందుకున్న షమీమ్ నిలబడే చదివింది. చదివి భ్రమరాంబ మొహంలోకి చూసింది. వెళ్ళి యంత్రానికి అందించింది.

మూడింటికి తెర మీద సుదర్శనం తడిబట్టలతో రాగానే, "ఏం కాదులే," అన్నాడు మాస్టారు. హైమ నవ్వుతూ కాళ్ళు చాపుకుంది. అచ్చమ్మ తలుపు తట్టింది. ఎవర్నీ పల్లెత్తు మాటనని అచ్చమ్మ తువాలు అందించి, "వెళ్ళు నాయనా, రేపటికి దానికి గుర్తుండదు," అంది. సుదర్శనం పెట్టె సర్దుకున్నాడు. లలిత మంచం పక్కన ఒక్క క్షణం నిలబడ్డాడు. మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగాడు. యంత్రం ఆ ఖాళీ వీధిని అలాగే చూపిస్తూ ఉండిపోయింది, ఎందుకంటే భ్రమరాంబ ఆ తర్వాత ఇంకేమీ రాయలేదు.

"అదేంది?" అన్నాడు మాస్టారు. "ఆవిడ అట్టా అంటుందా? ఆవిడ అనదే!"

హైమ కాళ్ళు ముడుచుకుంది. చున్నీ అంచు నోట్లో పెట్టుకుంది.

పలక మీద ఏడు గీతలూ అంచు దాటి పోయాయి.

*

"అమ్మా, ఆ అచ్చమ్మ అట్టా ఎందుకంది?"

మర్నాటి పొద్దున హైమ మొదటి మాట అది. జ్వరం మాట లేదు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. భ్రమరాంబ పరిగెత్తుకెళ్ళి కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నవ్వింది, ఏడ్చింది. అంతలోనే "ఆయనేరీ?" అని వినిపించేసరికి ఆ చేతులే వెనక్కి వచ్చాయి.

"క్యాంపుకెళ్ళాడు."

ఆ తర్వాత కథలో సుదర్శనం గది ఖాళీగానే ఉంది. కొత్త అద్దెవాళ్ళొచ్చారు. లలిత మంచం దిగి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. అచ్చమ్మతో ఎవరూ మాట్లాడడం లేదు. ఏ రోజు ఏం జరుగుతుందో భ్రమరాంబకే తెలియడం లేదు, చెయ్యి ఎటు పోతే అటు. గీతలు లేస్తూనే ఉన్నాయి.

రెండో రోజు హైమ, "నిన్న కూడా క్యాంపే అన్నావు," అంది.

"పనెక్కువుందట."

మూడో రోజు క్యాలెండరు ముందు నిలబడింది. "నిన్న పదిహేడు. ఇవాళ కూడా పదిహేడేనా?" వేలితో తడిమి చూసింది. "దీనికి అట్ట అంటించావేంది?"

భ్రమరాంబ చెప్పులేసుకుని ఎండలో సినిమా హాలుకి నడిచింది. బాల్కనీ మెట్ల మీద వీరరాఘవయ్య మాస్టారు కూర్చుని ఉన్నాడు. మొహం వాచిపోయి ఉంది. ఆయన భార్య పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి ముందురోజు ఆయనకి కొత్తగా తెలిసింది. ఇంతకుముందూ ఎన్నోసార్లు తెలిసింది గానీ తెల్లారేసరికి పోయేది. ఈసారి పోవడం లేదు.

"ఆయన కూతురు నన్ను తిట్టి వెళ్ళింది పిన్నిగారూ," అంది షమీమ్ లోపల. పట్టీలన్నీ ఒళ్ళో వేసుకుని కూర్చుంది. "ఇందాక ఆయనే వచ్చాడు. తిడతాడనుకున్నా. 'మా ఆవిడ ఫొటో ఒకటి పెద్దది చేయించాలి, ఎక్కడ చేస్తారు?' అన్నాడు. నేను మంచి చేస్తున్నానో చెడ్డ చేస్తున్నానో నాకే అర్థం కావట్లా."

"సుదర్శనాన్ని రప్పిస్తానమ్మా. రేపే రప్పిస్తా."

షమీమ్ తలెత్తింది. "కథ మీది. మీరు తెస్తే నేను ఆపను. కానీ ఒక్కసారి వస్తే ఈ ఏడుగురూ మళ్ళీ కాళ్ళు చాపుకుంటారు. హైమకి మళ్ళీ పొద్దున్నే జ్వరం తగ్గుతుంది. అది కావాలా మీకు?"

కావాలో వద్దో భ్రమరాంబకి తెలియదు. తెలియని మనిషి అలవాటైన పనే చేస్తుంది. ఇంటికొచ్చి, హైమ పెరట్లో తల దువ్వుకుంటుండగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. సుదర్శనం తిరిగొచ్చాడు. బస్సు తప్పిపోయిందట. లలిత నవ్వింది. అచ్చమ్మ అన్న మాటలు అసలు అచ్చమ్మ అన్నవి కావట, ఆమెలాగే ఉండే చెల్లెలివట. రాసి, కాగితం తలగడ కింద పెట్టి, కూరగాయల బండి వస్తే వీధిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి హైమ మంచం మీద కూర్చుని ఉంది. కాగితం చేతిలో ఉంది.

"ఇది నీ రాతే."

భ్రమరాంబ వంకాయల సంచి కింద పెట్టింది.

"ఆ కథంతా నువ్వు రాస్తున్నావా?"

"ఊఁ."

"అయితే అచ్చమ్మ నువ్వేగా." హైమ గొంతు పెరగలేదు. "నాకు రెండ్రోజుల నుంచి అనిపిస్తానే ఉంది, ఆ తువాలు అందించడం, ఆ తల వంచడం. మరి సుదర్శనం ఎవరు?"

ఎన్నో జవాబులున్నాయి. క్యాంపు ఉంది, లాకులున్నాయి, వంతెన ఉంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ ముగింపులు అతికించిన మనిషామె. కానీ ఆ క్షణంలో ఒక్కటీ రాలేదు.

"నేనే వెళ్ళమన్నా," అంది.

"ఏమని?"

"తెలుసుగా. విన్నావుగా."

"నీ నోటితో చెప్పు."

"రేపటికి దానికి గుర్తుండదు, అని."

వీధిలో కూరగాయల బండివాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. "ఎక్కడున్నాడు?" అంది హైమ.

"ఏలూరు. పెళ్ళి చేసుకున్నాడు. పాప పుట్టింది."

"ఎన్నేళ్ళయింది?"

"నీ జ్వరానికి నాలుగు. అతను వెళ్ళి రెండు."

హైమ లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. తెల్లటి పాయ ఒకటి చేతికి చుట్టుకుని చూసుకుంది. ఎంతసేపు చూసుకుందో. తిరిగి వచ్చి కాగితం తల్లి చేతిలో పెట్టింది.

"చిన్నప్పుడు షాపులో జిగురు ఉడకబెట్టింది నేనే కదమ్మా. అసలు పేజీలు చించి పొయ్యి పక్కన పడేసేదానివి, పడుకునేముందు కాల్చడానికి. నువ్వు కాల్చకముందే నేను చదివేదాన్ని. ఎవరు చచ్చిపోయారో, ఎవరు ఎవర్ని వదిలేసిపోయారో అన్నీ నాకు తెలుసు. నీకు చెబితే ఏడుస్తావని చెప్పలా. నేను ఓర్చుకోలేనని నీకెవరు చెప్పారు?"

"హైమా..."

"నాతో మాట్లాడమాక."

గది తలుపు వేసుకుంది. భ్రమరాంబ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళు ఇతరుల ముగింపుల్ని కాల్చిన మనిషి ఆ మధ్యాహ్నం తన ముగింపుని పొయ్యి మీద పెట్టింది. అది కూడా కాగితంలాగే కాలింది.

ఆ రోజు వాళ్ళు హాలుకి వెళ్ళలేదు. హైమ నుదుటికి పట్టీ లేదు. ఆ సంగతి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి భ్రమరాంబకి తట్టింది. పట్టీ లేకుండా విన్నదిది. కాలడ్డు పెట్టేవాళ్ళెవరూ లేరు. నిద్రతో పాటు ఈ మాటలన్నీ కొట్టుకుపోవచ్చు. పొద్దున్నే "జ్వరం తగ్గినట్టుంది" అనొచ్చు. అలా కావాలని ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. వెంటనే అలా కాకూడదని మళ్ళీ పెట్టుకుంది. ఏ దణ్ణం ముందు చేరుతుందో తెలియక దేవుడి పటం ముందే కూర్చుండిపోయింది.

*

తెల్లవారింది. భ్రమరాంబ ఒక చేతిలో కాఫీ గ్లాసు, భుజం మీద దుమ్ము తుడిచే గుడ్డతో మంచం పక్కన నిలబడింది. నోట్లో రెండు రకాల మాటలూ సిద్ధంగా ఉన్నాయి.

హైమ కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది. తల్లిని చూసింది.

ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

కూతురి వీపు బిగుసుకుని ఉంది. భుజం పైకి లేచి ఉంది. పదో ఏట కొత్త గౌను కొనలేదని మూడు రోజులు మాట్లాడనప్పుడు అచ్చం ఇలాగే పడుకునేది. ఈ నాలుగేళ్ళలో ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో! ఎంత పోట్లాటైనా తెల్లారేసరికి కడిగేసిన పలకలా ఉండేది. ఇవాళ పిల్ల నిన్నటి కోపంతో లేచింది. నిన్న ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే లేచింది.

దీనికి సంతోషించాలా, కుమిలిపోవాలా? కూతురు తిరిగొచ్చిందనుకోవాలా, పోయిందనుకోవాలా? కాఫీ చల్లారిపోయేదాకా నిలబడినా ఆమెకి తేలలేదు. గ్లాసు కిటికీలో పెట్టి ముందు గదిలోకి వెళ్ళింది. అలవాటుగా గుడ్డ తీసి క్యాలెండరు మీద చెయ్యి వేసింది. వేసి, ఆగిపోయింది. పదిహేడుని చింపుదామని చూసింది. తను అంటించిన అట్ట, తను ఉడికించిన జిగురు. చిరగలేదు. చివరికి మేకు నుంచే తీసేసింది. గోడ మీద చదరంగా, మిగతా సున్నం కంటే తెల్లగా ఒక చోటు బయటపడింది.

"ఇవాళేం తారీఖు?"

గదిలోంచి. ఇటు తిరగకుండానే. మాట్లాడినట్టు కాదు, అడిగినట్టు మాత్రమే.

భ్రమరాంబ నోరు తెరిచింది. తారీఖు రాలేదు. నెల కూడా రాలేదు. బయట ఎండ ఉంది, అంతవరకే తెలుసు. నాలుగేళ్ళుగా హైమని ఒక్క రోజులో కూర్చోబెట్టాననుకుంది గానీ, తను కూడా ఆ పక్కనే కూర్చుందని ఇప్పుడు తెలిసింది.

"ఉండు," అని వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి పక్కన పాల ప్యాకెట్టు. ఇవాళ మూల కత్తిరించింది గానీ నలిపి పారేయడం మరిచిపోయింది. ఆ ముక్కని గట్టు మీద చదునుగా పరిచి, తడి తుడిచి, కళ్ళద్దాలు సరిచేసుకుని, కిటికీ వెలుగులోకి వంగింది. అక్షరాలు చిన్నవి.

"మార్చి," అంది గట్టిగా. "మార్చి తొమ్మిది."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, చాలా మెల్లగా, ఎవరితోనో కాదు తనతో తనే చెప్పుకుంటున్నట్టు, చిన్నపిల్ల ఎక్కం వల్లెవేసినట్టు, హైమ గొంతు వినిపించింది.

"మార్చి తొమ్మిది. మార్చి తొమ్మిది."